డాష్‌క్యామ్ పెట్టుకునేవారికి: బిగింపు నుంచి వీడియో అప్పగింత వరకు

ఢీకొట్టిన బండి ఏదో తెలియకుండా పోయిన రోడ్డు ప్రమాదాల్లో, మోటారు వాహనాల చట్టం కింద మృతుడి కుటుంబానికి దక్కే పరిహారం 2 లక్షల రూపాయలు, తీవ్రంగా గాయపడినవారికి దక్కేది 50 వేలు. ఈ మొత్తాలు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు ఇవి 25 వేలు, 12,500 రూపాయలు మాత్రమే. అదే బండి నంబరు దొరికితే పరిస్థితి పూర్తిగా మారుతుంది. మృతుడి వయసు, సంపాదన, ఆయన మీద ఆధారపడినవారి సంఖ్య లెక్కలోకి తీసుకొని మోటారు ప్రమాదాల పరిహార ట్రైబ్యునల్ నిర్ణయించే మొత్తాన్ని ఆ కుటుంబం బీమా కంపెనీ నుంచి రాబట్టుకోవచ్చు. ఆ నంబరును పట్టుకోగలిగేది చాలాసార్లు వెనక వస్తున్న, ఆ ప్రమాదంతో ఏ సంబంధమూ లేని కారులోని కెమెరాయే. కారు ముందు అద్దం దగ్గర బిగించి రోడ్డును నిరంతరం రికార్డు చేసే ఈ కెమెరానే డాష్‌క్యామ్ అంటారు; దాన్ని కొనడానికి నా దృష్టిలో ఇంతకంటే బలమైన కారణం లేదు.

అయితే ఆ కెమెరా రోజంతా ఇంకా చాలా చూస్తుంది. పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేస్తున్న ఇల్లాలు, అరుగు మీద కూర్చున్న పెద్దాయన, బస్టాపులో నిలబడ్డ కాలేజీ పిల్లలు, సిగ్నల్ దగ్గర బండి మీదే వాదులాడుకుంటున్న భార్యాభర్తలు, ఆసుపత్రి గేటులోంచి ముఖం దాచుకుంటూ బయటికి వస్తున్న మనిషి అందులో పడతారు. వీధి అందరిదీ కనుక వీరు మీ కెమెరాలో పడటాన్ని తప్పించలేం. కానీ వీధిలోకి వచ్చినంత మాత్రాన తమను ఊరంతా చూడటానికి వీరెవరూ ఒప్పుకున్నట్టు కాదు. ప్రమాదం కోసం రికార్డు చేసుకోవడం వేరు, రికార్డయినదాన్ని నలుగురికీ పంచడం వేరు. ఈ కింది సూచనలన్నీ ఆ భేదాన్ని పట్టుకొని చెప్పినవే.

చట్టం ఎక్కడ నిలబడింది

మన దేశంలో సొంత కారులో కెమెరా పెట్టుకోవడాన్ని నిషేధించే చట్టం లేదు. బహిరంగ రహదారిని చిత్రీకరించడానికి సాధారణంగా అనుమతీ అవసరం లేదు. కానీ 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, పుట్టస్వామి కేసులో గోప్యతను రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కుగా గుర్తించినప్పుడు, మనిషి బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదని కూడా స్పష్టం చేసింది. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఇ సెక్షన్ ఈ సంగతిని మరింత నిర్దిష్టంగా చెబుతుంది. ఒకరి శరీరంలోని గోప్య భాగాల చిత్రాన్ని వారి సమ్మతి లేకుండా, వారి గోప్యతకు భంగం కలిగే పరిస్థితుల్లో తీసినా, ప్రచురించినా, పంపినా మూడేళ్ల వరకు జైలు గానీ, 2 లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. అది జరిగింది నడివీధిలోనా, గదిలోనా అన్నదానితో చట్టానికి నిమిత్తం లేదు. ప్రమాదంలో బట్టలు చిరిగిపోయి పడి ఉన్న మనిషిని దగ్గరగా చిత్రీకరించి గ్రూపులో పెట్టేవారు ఈ సెక్షన్‌ను ఒకసారి చదవాలి. స్త్రీల ఏకాంత చర్యలను చాటుగా చూడటం, చిత్రీకరించడం, ఆ చిత్రాలను వ్యాప్తి చేయడం 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షన్ కిందికి వస్తాయి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఒక వ్యక్తి తన సొంత లేదా ఇంటి అవసరానికి వాడుకునే సమాచారాన్ని తన పరిధి నుంచి మినహాయించింది. మీ కెమెరా మెమరీ కార్డులో ఉండి, కొన్ని రోజుల్లో దానంతట అదే చెరిగిపోయే వీడియో ఈ మినహాయింపులోకి తేలిగ్గా వస్తుంది. అదే వీడియోను ఛానెల్లో పెట్టి ప్రకటనల మీద సంపాదిస్తుంటే, దాన్ని ఇంటి అవసరం అనడం కష్టం.

బిగించేటప్పుడే చేయవలసినవి

కెమెరాను లోపలి అద్దం వెనక, మన కార్లలో అయితే ఎడమ పక్కకు, డ్రైవరు చూపుకు అడ్డం రాకుండా, వైపరు తుడిచే మేరలో బిగించాలి. తీగను పైకప్పు లైనింగ్ లోపలి నుంచి పక్క స్తంభం మీదుగా దింపుతారు; ఆ స్తంభంలో ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో తీగ దాని ముందు నుంచి కాకుండా వెనక నుంచి పోయేలా చూసుకోవాలి, లేకపోతే బ్యాగ్ విచ్చుకునే దారికి తీగ అడ్డుపడుతుంది. మన ఎండలకు లిథియం బ్యాటరీ ఉన్న కెమెరా కంటే బ్యాటరీకి బదులు వేడిని తట్టుకునే సూపర్ కెపాసిటర్ ఉన్నది నయం. కోణం విషయానికి వస్తే, చిత్రంలో కింద బానెట్ అంచు కొద్దిగా, పైన ఆకాశం మూడో వంతు కనిపించి, మిగిలినదంతా రోడ్డు ఉండాలి. పక్క ఇళ్ల మేడలూ కిటికీలూ ఎంత తక్కువ పడితే అంత మంచిది. ప్రమాదం జరిగేది రోడ్డు మీదే.

మెమరీ కార్డు ఎంత పెద్దదైతే అంత మేలని దుకాణంలో చెబుతారు. ఫుల్ హెచ్‌డీలో తీసే కెమెరాకు 64 జీబీ కార్డులో సుమారు 9, 10 గంటల వీడియో పడుతుంది. రోజుకు గంటన్నర నడిపేవారికి అది దాదాపు వారం రోజుల నిల్వ. సొంత కారుకు ఇంతకంటే అవసరం లేదని నా అభిప్రాయం, ఎందుకంటే ఎక్కువ రోజులు నిలిచే వీడియో మీకు ఎక్కువ రక్షణ ఇవ్వదు, పరాయివారి కదలికల చిట్టాగా మాత్రం మారుతుంది. పరిమాణం మీద పెట్టే డబ్బును నాణ్యత మీద పెట్టి, పదేపదే చెరిపి రాయడాన్ని తట్టుకునే హై ఎండ్యూరెన్స్ కార్డు కొనండి. కార్డు నిండగానే పాత వీడియోను చెరిపి కొత్తది రాసే లూప్ రికార్డింగ్‌ను 3 నిమిషాల ముక్కలకు పెట్టి, నెలకోసారి కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి.

ఇక్కడ మన రోడ్లకే ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది. కుదుపును గుర్తించిన వెంటనే ఆ ముక్క చెరిగిపోకుండా తాళం వేసే జీ సెన్సర్ దాదాపు ప్రతి డాష్‌క్యామ్‌లోనూ ఉంటుంది. కాలనీలో ఎవరికి వారు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు, తవ్వి పూడ్చిన గోతులు ఆ సెన్సర్‌కు ప్రమాదాల్లాగే అనిపిస్తాయి. సున్నితత్వం ఎక్కువలో ఉంటే, కొన్ని వారాల్లో కార్డు సగం తాళం పడ్డ పనికిరాని ముక్కలతో నిండి, నిజంగా ప్రమాదం జరిగిన రోజున చోటు దొరకని పరిస్థితి వస్తుంది. అంతేకాదు, మీ వీధి చివరి స్పీడ్ బ్రేకర్ పక్కన ఎవరి ఇల్లు ఉందో, ఆ ఇంటి ముందు దృశ్యాలు నెలల తరబడి మీ కార్డులో పోగుపడతాయి. అందుకే సెన్సర్‌ను తక్కువ స్థాయికి మార్చి, తాళం పడ్డ ఫైళ్ల ఫోల్డరును అప్పుడప్పుడు ఖాళీ చేయాలి.

మైకును మొదటి రోజే ఆపేయమని నేను గట్టిగా చెబుతాను. ప్రమాదంలో తప్పెవరిదో తేల్చడానికి చిత్రం, సమయం, నంబరు ప్లేటు చాలు. శబ్దం అవసరమయ్యే సందర్భాలు అరుదు. మైకు ఆన్‌లో ఉంటే రోడ్డు మీది చప్పుడు కంటే కారులోని మాటలే స్పష్టంగా రికార్డవుతాయి: స్పీకరులో పెట్టి మాట్లాడిన బ్యాంకు ఫోను, ఆసుపత్రి నుంచి వస్తూ అమ్మ చెప్పుకున్న సంగతి, వెనక సీట్లో స్నేహితురాలితో కూతురు పంచుకున్న రహస్యం. కారును సర్వీసుకు ఇచ్చినప్పుడో, డ్రైవరు చేతికి తాళం ఇచ్చినప్పుడో ఆ కార్డు కూడా వారి చేతుల్లోకి వెళుతుందని గుర్తుంచుకోవాలి. ఏ కారణం చేతనైనా మైకు ఉంచదలచుకుంటే, కారెక్కినవారికి ఆ సంగతి ముందే చెప్పాలి.

కెమెరాలోని తేదీ, గడియారం సరిగ్గా ఉన్నాయో లేదో నెలకోసారి ఫోనుతో సరిచూసుకోవాలి. కొన్ని నమూనాలు విద్యుత్తు పోగానే పాత తేదీకి వెళ్లిపోతాయి, తప్పు తేదీ ఉన్న వీడియోను ఎదుటి పక్షం న్యాయవాది అక్కడికక్కడే ప్రశ్నిస్తాడు. కెమెరా వైఫైకి కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు చాలా నమూనాల్లో ఒకటి నుంచి ఎనిమిది వరకు వరుస అంకెలే. దాన్ని మార్చకపోతే పక్కన ఆగిన బండిలోని వ్యక్తి కూడా మీ వీడియోలు చూడగలడు.

పార్కింగ్ మోడ్ అనే పెద్ద చిక్కు

కదులుతున్న కారులోని కెమెరా ఎవరి దగ్గరా ఆగదు. నిలిపి ఉంచిన కారులోని కెమెరా రాత్రంతా ఒకే గేటును, ఒకే మెట్లదారిని, ఒకే వాకిలిని చూస్తూ ఉంటుంది. ఎదురింటివారు ఎప్పుడు బయటికి వెళ్లారు, ఎవరు వచ్చారు, ఎంతసేపు ఉన్నారు అన్నది దానంతట అదే నమోదవుతుంది. అందుకే పార్కింగ్ మోడ్‌ను కేవలం గీతలు పడతాయన్న భయంతో రోజూ వాడటం సబబు కాదని నా తీర్పు. అవసరమైనప్పుడు వాడేవారు, నిరంతరం తీసే పద్ధతి కాకుండా కుదుపు తగిలితేనే తీసే పద్ధతిని ఎంచుకోవాలి. అపార్ట్‌మెంట్ సెల్లారులో అయితే కారు ముఖాన్ని గోడవైపు తిప్పి నిలపవచ్చు. సంఘానికి ఒక మాట చెప్పి ఉంచడం వల్ల తరువాత వచ్చే అనుమానాలు తప్పుతాయి. వీధిలో అయితే ఎదురింటి గేటు నేరుగా పడకుండా నాలుగడుగులు ముందుకో వెనక్కో జరపడానికి ఖర్చేమీ లేదు.

ఈ భయం ఊహాజనితం కాదు. 2019 నుంచి 2022 వరకు టెస్లా ఉద్యోగులు కొందరు, యజమానుల కార్ల కెమెరాల్లో పడిన వీడియోలను, చిత్రాలను తమలో తాము పంచుకున్నారని మాజీ ఉద్యోగులు చెప్పినట్టు రాయిటర్స్ వార్తాసంస్థ 2023 ఏప్రిల్‌లో వెల్లడించింది. అదే ఏడాది ఫిబ్రవరిలో, నెదర్లాండ్స్ డేటా రక్షణ సంస్థ దర్యాప్తు జరిపిన తరువాత, ఆ కంపెనీ తన కార్ల కాపలా కెమెరాల అమరికలను మార్చి, అవి తీస్తున్నట్టు బయటివారికి తెలిసేలా చేసిన సంగతి బయటికి వచ్చింది. వీడియోను ఎప్పటికప్పుడు కంపెనీ సర్వరుకు పంపే క్లౌడ్ కెమెరా కొనేముందు, ఆ సర్వరులో చూసేది ఎవరన్న ప్రశ్నకు జవాబు దొరకకపోతే, కార్డులోనే దాచుకునే మామూలు కెమెరాతో సరిపెట్టుకోవడం మేలు.

ప్రమాదం జరిగిన తరువాత

మొదట గాయపడినవారిని చూడాలి. వీడియో ఎక్కడికీ పోదు. ఆ తరువాత కెమెరాకు విద్యుత్తు ఆపి, కార్డు బయటికి తీసి, ఒక కవరులో పెట్టి, తేదీ, సమయం, చోటు రాసుకోవాలి. కెమెరాను అలాగే నడవనిస్తే లూప్ తిరిగి, తాళం పడని ముక్కలు చెరిగిపోతాయి. కార్డులోని ఫైలును కంప్యూటరులోకి కాపీ చేసుకొని ఆ కాపీనే చూడండి, అసలును కదపవద్దు. కత్తిరించవద్దు, వెలుగు పెంచవద్దు, పేరు కూడా మార్చవద్దు. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే చిత్రం కుదించుకుపోయి నంబరు ప్లేటు అలుక్కుపోతుంది. తప్పనిసరైతే డాక్యుమెంటుగా పంపాలి.

ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో ప్రవేశపెట్టడానికి భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ఒక ధ్రువపత్రాన్ని కోరుతుంది. దాని నమూనా ఆ చట్టం షెడ్యూలులోనే ఉంది: ఒక భాగాన్ని పరికరం ఎవరి అధీనంలో ఉందో వారు, రెండో భాగాన్ని నిపుణుడు నింపాలి. ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువను కూడా అందులో రాయాలి. హ్యాష్ విలువ తీసే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి కనుక, కాపీ చేసుకున్న రోజునే దాన్ని తీసి రాసిపెట్టుకుంటే తరువాత పని సులువవుతుంది. అసలు కార్డును దర్యాప్తు అధికారికి అప్పగించేటప్పుడు రసీదు తీసుకోవాలి. బీమా కంపెనీకి మాత్రం ప్రమాదానికి ముందూ వెనకా ఒకటి రెండు నిమిషాల ముక్క కాపీ చాలు. ఆ రోజు మీరు ఎక్కడెక్కడ తిరిగారో వారికి అక్కర్లేదు.

ఒక ఇబ్బందికరమైన సంగతి కూడా చెప్పాలి. జీపీఎస్ ఉన్న కెమెరా మీ వేగాన్ని కూడా వీడియో మీద ముద్రిస్తుంది. అది మీకు వ్యతిరేకంగా ఉన్నదని తెలిసి వీడియోను చెరిపేస్తే, సాక్ష్యాన్ని నాశనం చేసిన నేరం అదనంగా మీద పడుతుంది.

ఎవరికి పంపాలి, ఎవరికి పంపకూడదు

రాంగ్ రూట్‌లో వచ్చినవాడి మీద, సిగ్నల్ దూకినవాడి మీద కోపం రావడం సహజం. ఆ వీడియో వెళ్లవలసిన చోటు ట్రాఫిక్ పోలీసుల ఫిర్యాదు మార్గం. బెంగళూరు పోలీసులు ఇందుకోసం పబ్లిక్ ఐ పేరుతో ప్రత్యేకంగా ఒక యాప్‌ను తీసుకొచ్చారు. కాలనీ గ్రూపులో పెట్టి 'తాగి నడుపుతున్నాడు చూడండి' అని రాస్తే, తాగినట్టు మీ దగ్గర రుజువు లేనప్పుడు అది పరువు నష్టం కిందికి రావచ్చు. వీడియో నిజమైనదే అయినా పక్కన రాసిన వ్యాఖ్య నిజం కాకపోవచ్చు, ఎక్కువ మంది చిక్కుల్లో పడేది ఈ వ్యాఖ్య దగ్గరే.

ప్రమాద దృశ్యాల విషయంలో మరో మాట. మృతుడి ఇంటివారికి కబురు అందేలోపే వీడియో వాట్సాప్‌లో వారి బంధువులకు చేరిన ఉదంతాలు మన ఊళ్లలో కొత్తేమీ కాదు. పోలీసులకు తప్ప ఎవరికీ పంపకుండా ఉండటానికి ఇదొక్కటే చాలిన కారణం. నేరానికి గురైన పిల్లలను గుర్తుపట్టేలా చూపడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తుంది. లైంగిక నేరాల బాధితుల గుర్తింపును బయటపెట్టడం కూడా నేరమే.

రోడ్డు భద్రత నేర్పడానికో, ప్రమాదకరమైన మలుపును అధికారుల దృష్టికి తేవడానికో నిజంగా ప్రచురించవలసి వస్తే, సంబంధం లేని ప్రతి ముఖాన్నీ, ప్రతి నంబరు ప్లేటునూ మసకబార్చి, శబ్దం తీసేసి, మూలన ముద్రితమైన జీపీఎస్ అంకెలను కత్తిరించి పెట్టాలి. 2022 జులైలో గూగుల్ మ్యాప్‌లో వీధుల ఫోటోలు చూపే స్ట్రీట్ వ్యూ హైదరాబాద్‌తో సహా పది నగరాల్లో మొదలైనప్పుడు ఆ కంపెనీ ముఖాలనూ నంబరు ప్లేట్లనూ మసకబార్చే ఇచ్చింది. ఫోనులోని ఉచిత ఎడిటింగ్ యాప్‌లతో ఆ పని మీరూ చేయగలరు. ఓపిక లేనివారు ప్రచురించకుండా ఉండటమే న్యాయం.

ఎవరైనా అడిగినప్పుడు

చేతిలో ఫోనో కెమెరానో పట్టుకొని వీధిని తీసేవారికీ ఇవే సూత్రాలు వర్తిస్తాయి, ఒక తేడాతో: అక్కడ మీరు మనిషిని ఎంచుకొని తీస్తున్నారు. బోనాల ఊరేగింపును, నిమజ్జన జనసందోహాన్ని, రైతుబజారు సందడిని తీయడం ఒకటి. పూలమ్ముకునే ఒక్కామెను దూరం నుంచి జూమ్ చేసి తీయడం మరొకటి. దగ్గరికి వెళ్లి 'ఒక ఫోటో తీసుకోనా అమ్మా' అని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. వద్దంటే అక్కడితో వదిలేయాలి. కంటోన్మెంట్లు, నౌకాదళ స్థావరాలు, ఫోటోలు నిషిద్ధమని బోర్డు ఉన్న చోట్లు వేరే లెక్క. అటువైపు మీ కారు దాటిపోవడం మామూలే అయినా, అక్కడ ఆపి తీయడం గానీ, ఆ ముక్కను ప్రచురించడం గానీ చేయకూడదు.

కారు దగ్గరికి ఎవరైనా వచ్చి 'ఏంటి సార్, మమ్మల్ని వీడియో తీస్తున్నారా' అని నిలదీస్తే, మీ హక్కుల గురించి ఉపన్యాసం మొదలుపెట్టవద్దు. 'అన్నా, ఇది ప్రమాదాల కోసం పెట్టింది, దానంతట అదే తీస్తుంది, కొన్ని రోజుల్లో చెరిగిపోతుంది, ఎవరికీ పంపను' అని చెబితే నూటికి తొంభై సార్లు గొడవ అక్కడే సద్దుమణుగుతుంది. కావాలంటే తెరమీద చూపించండి. వారి ముఖం స్పష్టంగా పడిన ముక్కను ఎదురుగానే చెరిపేయడంలో మీకు పోయేదేమీ లేదు, ఆ ముక్కలో ప్రమాదమో నేరమో ఉంటే తప్ప. ఇక మీరే అటువైపు ఉండి, మీ వీడియోను ఎవరో ప్రచురించారని తెలిస్తే, ముందు స్క్రీన్‌షాటు, లింకు, తేదీ భద్రపరచి, ఆ వేదిక ఫిర్యాదుల అధికారికి రాయాలి. వెంబడించడం, వేధించడం ఉంటే పోలీసులను, తెలంగాణలో అయితే షీ టీమ్స్‌ను ఆశ్రయించవచ్చు.

అద్దెకు తిప్పే కార్లు, విదేశాలు, అమ్మకం

లోపలివైపు కెమెరా ఉన్న క్యాబ్ యజమానులకు ఇంటి అవసరమన్న మినహాయింపు వర్తించదు. డేటా రక్షణ చట్టం నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు అమల్లోకి వస్తాయి. అప్పటిదాకా ఆగకుండా ఇప్పుడే వెనక సీటువారికి కనిపించేలా తెలుగులో ఒక స్టిక్కరు అంటించి, ఎన్ని రోజులు నిల్వ ఉంటుందో, ఎవరు చూస్తారో అందులో రాయడం మంచిది.

ఇక్కడ కొన్న కెమెరాను అమెరికాకో జర్మనీకో పట్టుకెళ్లే పిల్లలకు ఒక హెచ్చరిక. క్యాలిఫోర్నియాలో కెమెరాను ముందు అద్దం మీద చట్టం చెప్పిన చోట్లలోనే, నిర్ణీత చదరంలోనే బిగించాలి, కారులోని ఆంతరంగిక సంభాషణను రికార్డు చేయడానికి అందులో పాల్గొన్న అందరి సమ్మతీ కావాలి. టెక్సస్‌లో ఒకరి సమ్మతి సరిపోతుంది. జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2018 మే నెలలో, నిరంతరాయంగా రికార్డు చేయడం డేటా రక్షణ చట్టానికి విరుద్ధమని చెబుతూనే, ప్రమాద కేసులో ఆ వీడియోను సాక్ష్యంగా స్వీకరించవచ్చని తీర్పు ఇచ్చింది. అంటే అక్కడ కెమెరా మీ దావాను గెలిపించగలదు, అదే సమయంలో మీకు జరిమానానూ తెచ్చిపెట్టగలదు. ఆస్ట్రియాలో ఆంక్షలు ఇంకా కఠినం.

కారు అమ్మేటప్పుడు కెమెరాను దానితోపాటే ఇవ్వదలిస్తే కార్డు మీ దగ్గరే ఉంచుకోండి. ఫైళ్లు తొలగించినంత మాత్రాన అవి పోవు, ఉచిత సాఫ్ట్‌వేరుతో తిరిగి లేపవచ్చు. కెమెరాను ఫ్యాక్టరీ స్థితికి తెచ్చి, ఫోనులోని దాని యాప్‌లో ఖాతాను తొలగించి, క్లౌడ్ నిల్వ ఉంటే దాన్ని కూడా ఖాళీ చేసిన తరువాతే తాళాలు ఇవ్వాలి.